పేరెంట్స్ మీటింగులో మాకూ క్లాసు పీకండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. ఆదివారం సాయంత్రం వార్డెన్ ఫోన్ నుంచి పది నిమిషాలు మాట్లాడనిస్తారు. కొన్ని నెలలుగా నేను ఫోన్ ఎత్తగానే "నాన్నా, 386" అంటోంది. హలో లేదు, అమ్మ ఏం చేస్తోందని లేదు. ఆ వారం నీట్ టెస్టులో 720కి వచ్చిన మార్కు అది. నేనెలాగూ అడుగుతాను కాబట్టి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుందని. మొన్నామధ్య తనకి నాలుగు రోజులు జ్వరం వచ్చిందట. రూమ్మేట్ వాళ్లమ్మ చెబితే మాకు తెలిసింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెబితే ఇంటికి తీసుకెళ్తావు. వారం సిలబస్ పోయిందని మళ్లీ నువ్వే అంటావుగా" అంది.

నిజమే, అంటాను.

"ఈ రెండేళ్లు కళ్లు మూసుకుని చదివేస్తే తర్వాత జీవితమంతా హాయి." ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు అని ఉంటామో! మా నాన్న నాతో పదో తరగతిలో అన్నారు, ఇంటర్‌లో అన్నారు. నాకిప్పుడు ఎరువుల దుకాణం ఉంది. ఆ హాయి ఎక్కడుందో పంట చేతికొచ్చాక బాకీల కోసం ఊళ్లు తిరిగేటప్పుడు వెతుక్కుంటూ ఉంటాను. అయినా అదే మాట నా కూతురికి అప్పజెప్పాను.

కష్టపడితే సీటు వచ్చి తీరుతుందని మా నమ్మకం. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైమాటే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలు కలిపినా దాదాపు 1.2 లక్షలు. అంటే అందరూ రోజుకు పదహారు గంటలు చదివినా 20 లక్షల మందికి సీటు రాదు. ఈ లెక్క నాకు రాక కాదు, రోజంతా నా పనే లెక్కలు. కానీ ఇంటికొచ్చేసరికి, సీటు రాలేదంటే పిల్ల సరిగా చదవలేదనే అనుకుంటాను. పైకి అనకపోయినా పిల్లలకు తెలిసిపోతుంది. చదవడం వాళ్లకు కష్టమనిపించదేమో గానీ, ఇంత చదివాక కూడా 'నువ్వు చదవలేదు' అనిపించుకోవాలేమోనన్న టెన్షన్ మాత్రం మేం పెట్టిందే.

అలాగని పిల్లల మీద ఆశలే పెట్టుకోకూడదని నేననను. మా నాన్న పట్టుబట్టకపోతే నేను డిగ్రీ గడప తొక్కేవాణ్ణి కాదు. మా వీధిలో ఒకాయన 'వాడి ఇష్టం' అని కొడుకుని పూర్తిగా వదిలేశారు. నాన్నకి నా సంగతే పట్టదని ఆ కుర్రాడు మా దుకాణంలో కూర్చుని బాధపడేవాడు. మా అమ్మాయికి మాత్రం నేను ఏం కోరుకున్నానో చెప్పాను, తనేం కోరుకుంటోందో ఇప్పటిదాకా అడగలేదు. బైపీసీ ఎవరి ఎంపికో గుర్తు తెచ్చుకుంటే, మా బావమరిదీ నేనూ కలిసి చేసింది.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో దొర్లిన తప్పుల మీద పెద్ద గొడవ జరిగింది, జరగాల్సిందే. కానీ ఫెయిలైన సంగతి ఇంట్లో చెప్పడానికి పిల్లలకు అంత భయమెందుకని మాలాంటి తల్లిదండ్రులం మమ్మల్ని మేం అడుక్కోలేదు. బోర్డును తిట్టి ఊరుకున్నాం.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా దేశమంతటా వీటిని పాటించాలంది. మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టొద్దని, అందరి ముందు అవమానించొద్దని, వంద మంది గానీ అంతకు మించి గానీ పిల్లలుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. పిల్లల మీద అతిగా ఒత్తిడి పెట్టకుండా, వాళ్లు లోలోపల నలిగిపోతుంటే గుర్తుపట్టేలా తల్లిదండ్రులకు అవగాహన కల్పించే బాధ్యత విద్యాసంస్థదేనంది కోర్టు.

మా పేరెంట్స్ మీటింగ్ ఎలా జరుగుతుందంటే, తెర మీద సెక్షన్ల వారీగా మార్కుల లిస్టు వేస్తారు. కింద నుంచి పది మంది పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. ఆ పిల్లల నాన్నలు తల దించుకుంటారు, మిగతావాళ్లం లోలోపల హమ్మయ్య అనుకుంటాం. తర్వాత ఫీజు బకాయిలు, ఆ తర్వాత టీ. కాలేజీ నుంచి వారానికి మూడు మెసేజులొస్తాయి, అన్నీ మార్కులూ ఫీజు గడువులే. పిల్లలకైనా పెద్దలకైనా మనసు బాగోనప్పుడు 24 గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడే టెలీ మానస్ నంబరు 14416 ఒక్కసారీ రాలేదు.

ఆ మీటింగులో ఎర్ర లిస్టు తీసేసి, కౌన్సెలర్‌తో ఒక గంట మాకు చెప్పించమని ఇంటర్ బోర్డు అధికారులను కోరుతున్నాను. చెప్పించారో లేదో తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లో చూడాలి. పిలిస్తే వచ్చి ముందు వరసలో కూర్చుంటాను.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఫలితాల మర్నాడు మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు వేస్తారు. అది మీ వ్యాపారం, వద్దనడానికి నేనెవర్ని? అదే పేజీలో 14416 కూడా పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ పొద్దున ఆ పేజీని ర్యాంకు రాని పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ కూడా చూస్తారు.

– ఒక తండ్రి, తెనాలి