కనుబొమలకు హెయిర్ డై వేసుకోమన్న చిట్కా వెనక్కి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో కనుబొమల గురించి పేజీ నిండా వేశారు. గుండ్రటి ముఖానికి ఎత్తైన వంపు, పలక ముఖానికి మెత్తటి వంపు, పొడుగు ముఖానికి తిన్నగా అంటూ బొమ్మలు కూడా వేయించారు. బొమ్మలు బాగానే ఉన్నాయి. పేజీ అడుగున చిన్న డబ్బా కట్టి ఒక చిట్కా పెట్టారు చూడండి, ‘కనుబొమల్లో తెల్లవెంట్రుకలు ఇబ్బంది పెడుతుంటే తలకు వేసుకునే రంగునే దూదితో కొద్దిగా అద్దుకుంటే సరి’ అని. సరి కాదండీ. నేను తెనాలిలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతాను, చాలా ఏళ్లుగా ఇదే నా బతుకుతెరువు, ఆ చిట్కా చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. ఆ రంగు సంగతి వివరంగా చెప్తాను, ఎటూ కలం పట్టాను కాబట్టి ముందు ఆ బొమ్మల గురించి కూడా నాలుగు మాటలు.

మీ చార్టు మీ పేపర్లోనే ఉండిపోదు, సోమవారం పొద్దున్నకల్లా మా పార్లర్‌కి వచ్చేస్తుంది. అమ్మాయిలు ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చి “అక్కా, నాది నాలుగో నంబరు ముఖం, ఇలా చెయ్” అంటారు. నాలుగో నంబరు ముఖం ఎవరికీ ఉండదు. ఒకే మనిషికి కుడి కనుబొమ ఒకలా, ఎడమది ఒకలా ఉంటుంది, కొందరికి మాట్లాడేటప్పుడు ఒకటే పైకి లేస్తుంది, చిన్నప్పుడు పడి కుట్లు పడిన చోట వెంట్రుకే మొలవదు. పైగా కనుబొమ కింద ఎముక అంచు ఒకటి ఉంటుంది కదా, వంపు దాన్ని బట్టి కుదరాల్సిందే. చార్టులో ఎత్తుగా ఉంది కాబట్టి ఎత్తుగా రావాలని కింది నుంచి తీసుకుంటూ పోతే రెప్ప పైన బోడిగా మిగిలి, మనిషి పొద్దస్తమానం దేనికో ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది.

మేము చూసుకునే కొలత చాలా మామూలుది. పెన్సిలు ముక్కు పక్కన ఆనించి నిటారుగా పెడితే కనుబొమ ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది, అదే పెన్సిలును కంటి బయటి కొన వైపు వాల్చితే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది, నేరుగా చూస్తూ కంటిపాప బయటి అంచు మీదుగా వాల్చిన చోట వంపు. అద్దం ముందు నిలబడి ఎవరైనా చూసుకోవచ్చు. ఆ హద్దుల బయట చెదురుగా ఉన్నవి తీస్తే చాలు, మధ్యలో ఒత్తుగా ఉన్నదాని జోలికి పోనక్కర్లేదు. రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా మధ్యలో మరీ ఎడం చేయించుకుంటే ముక్కు వెడల్పుగా కనిపిస్తుంది. (కలిసిన కనుబొమలు అదృష్టం అనేవాళ్లూ ఉన్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు, మా కుర్చీలో రెండు రకాల అత్తగార్లూ కూర్చున్నారు.)

ఎక్కువ గొడవ పెళ్లిళ్లప్పుడే. మొన్నామధ్య ఒక పెళ్లికూతుర్ని వాళ్లమ్మ తీసుకొచ్చింది. పిల్లకి చక్కటి ఒత్తైన కనుబొమలు, కింద నాలుగు వెంట్రుకలు తీస్తే సరిపోయేది. “ఇంకాస్త సన్నం చెయ్యమ్మా, ఫొటోల్లో తీర్చినట్టుండాలి” అని ఆవిడ, కళ్లు మూసుకుని రెప్ప లాగిపట్టుకుని ఏమీ అనలేక ఆ పిల్ల. దారం పక్కన పెట్టి అద్దం పిల్ల చేతికిచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని “చాలక్కా” అంది. వాళ్లమ్మకి కోపం వచ్చింది, 40 రూపాయలకు ఇంతేనా అంది. ఆవిడ కనుబొమలు చూస్తే విషయం నాకు అర్థమైంది, ఒకప్పుడు దారప్పోగంత సన్నం చేయించుకునే ఫ్యాషన్‌లో పోయినవే, ఇప్పుడు రోజూ పెన్సిలుతో గీసుకుంటోంది. తలవెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది, కనుబొమ వెంట్రుక కొన్ని వారాలు పెరిగి ఆగిపోతుంది, అందుకే అది పొట్టిగా ఉంటుంది. తీసిన చోట మళ్లీ నిండుగా రావాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. అదే చోట ఏళ్ల తరబడి పీకుతూ పోతే కుదురు దెబ్బతిని కొందరికి ఇక రానే రాదు. ఆముదం రాయమంటారు అందరూ, రాసుకోండి, మెరుస్తుంది, పోయిన కుదురుని మాత్రం అది లేపదు.

ఇంకో సంగతి, పెళ్లికూతుర్ని చేసే రోజు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి చేయించుకోవద్దని మీ పేపర్లో ఒక్కసారైనా రాయండి. దారం నడిచిన చర్మం ఎర్రబడి ఉంటుంది, కొందరికి చిన్న చిన్న పొక్కులు కూడా వస్తాయి, దాని మీదే నలుగు పెట్టి రుద్దేస్తారు. రెండు మూడు రోజుల ముందు చేయించుకుంటే ఈ బాధ ఉండదు. అలాగే చేయించుకున్న వెంటనే స్టిక్కర్ బొట్టు అంటించుకోవద్దు. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే రసాయనం పడక బొట్టు చోట తెల్లమచ్చ పడినవాళ్లు ఉన్నారు, చర్మ డాక్టర్లకు ఇది బాగా తెలిసిన విషయమే. కుంకుమైనా సాయంత్రానికి పెట్టుకోండి.

థ్రెడింగ్ అంటే ఏముందిలే, దారమే కదా అనుకుంటారు. ఆ దారం సంగతే చెప్పాలి. నూలు దారాన్ని మెలిపెట్టి, ఒక కొస పళ్లతో పట్టుకుని రెండు చేతులతో తెరుస్తూ మూస్తూ ఉంటే ఆ మెలి ముందుకీ వెనక్కీ పరిగెత్తి వెంట్రుకను కుదురుతో సహా లాగేస్తుంది. మీరు రెప్పనూ నుదుటినీ గట్టిగా లాగి పట్టుకోమనేది ఇందుకే, చర్మం వదులైతే మెలిలో పడి తెగుతుంది. ఇక ఆ పళ్లతో పట్టుకున్న కొసకు ఉమ్ము తగులుతుంది కదా, ఒకరికి వాడిన దారమే తెంపకుండా ఇంకొకరికి వాడితే? ముఖం మీద పులిపిర్లు ఉన్న మనిషికి చేసిన దారం మీ ముఖం మీదకి వస్తే? పులిపిర్లు ఇలా అంటుకుంటాయి, ఉన్నవాళ్లకి కూడా దారం నడిచిన గీత పొడవునా కొత్తవి మొలుస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు గురువారం ఏ పార్లర్‌కైనా వెళ్లి చూడండి, శుక్రవారం చేయించుకోకూడదని అందరూ ఆ సాయంత్రమే వస్తారు, మెట్ల మీద కూడా మనుషులే. తప్పులు జరిగేది ఆ హడావుడిలోనే. రీలు నుంచి కొత్త దారం మీ కళ్ల ముందు తెంపమని అడగండి, మొహమాటపడొద్దు. నేను కొస మెడకు కట్టుకుని చేస్తాను, కొత్తలో కాస్త చెయ్యి కుదరదు, తర్వాత అలవాటైపోతుంది. తోటి బ్యూటీషియన్లు నన్ను తిట్టుకున్నా సరే.

మేము అడగకపోయినా మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే ముఖం మీద వ్యాక్స్ పెట్టించుకోకూడదు, ఆపాక కూడా ఆరు నెలలు ఆగాలి, లేకపోతే వ్యాక్స్‌తో పాటు పైచర్మం లేచి వస్తుంది. తెల్లబడటానికని మందుల షాపులో కొనుక్కున్న స్టెరాయిడ్ క్రీములు వాడేవాళ్ల చర్మం పలచబడి ఉంటుంది, దారం తగిలితేనే కందిపోతుంది. బొల్లి ఉన్నవాళ్లకు చర్మం ఒరుసుకున్న చోట కొత్త మచ్చ వచ్చే ప్రమాదం ఉంది, వాళ్లు డాక్టరును అడక్కుండా దారం జోలికి రాకపోవడమే మంచిది. ఈ ముక్కలు చెప్పకుండా కూర్చుని, తీరా కందిపోయాక మమ్మల్ని తిడతారు.

మీ చార్టులో లేనిది ఇంకొకటి ఉంది. కనుబొమ బయటి కొన, అంటే చివరి మూడో వంతు, ఎవరూ తీయకుండానే పలచబడిపోతుంటే దాన్ని పెన్సిలుతో కప్పేసుకుని ఊరుకోకండి. థైరాయిడ్ తక్కువైనప్పుడు అలా అవుతుంది. కుష్ఠు ఉన్నప్పుడు కూడా కనుబొమలు రాలతాయి, ఆ మాట అనగానే జనం మొహం తిప్పుకుంటారు గానీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా వాడితే నయమవుతుంది. నెల నెలా ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూసేది మేమే కాబట్టి కొనలు పలచబడితే ముందు మాకే కనిపిస్తుంది. ఒకావిడతో “ఆంటీ, ఒకసారి థైరాయిడ్ టెస్ట్ చేయించుకోండి” అంటే “నువ్వు డాక్టరమ్మవా?” అంది. కాదు, అయినా చెప్తూనే ఉంటాను.

కనుబొమ మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు గీసి చర్మంలోకి రంగు దింపే మైక్రోబ్లేడింగ్ గురించి గొప్పగా రాశారు. అది పచ్చబొట్టే, పేరు మారింది అంతే. వేల రూపాయలు పోస్తే ఒకటి రెండేళ్లుంటుంది, తర్వాత రంగు వెలిసి కొందరికి ఎర్రగానో నీలంగానో మిగులుతుంది. చేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు, ఎమ్మారై తీయించుకునేటప్పుడు ముందే చెప్పాలి. కుర్రాళ్ల సంగతికొస్తే సెలూన్లో బ్లేడుతో కనుబొమకు గీత పెట్టించుకుంటున్నారు, పెళ్లికొడుకులు కూడా వచ్చి “ఎవరికీ తెలియకుండా కొంచెం” అంటున్నారు. చేయించుకోనివ్వండి, కొత్త బ్లేడు వేయమని అడిగితే చాలు.

ఇక రంగు. మార్కెట్లో దొరికే హెయిర్ డైలలో చాలావాటిలో పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది, పీపీడీ అంటారు, నలుపు నిలబడేది దానివల్లే. అది ఉన్న డబ్బా మీద ఒక హెచ్చరిక వేసి తీరాలని మన దేశంలో చట్టమే ఉంది, ఇంగ్లీషులోనే కాదు, స్థానిక భాషల్లో కూడా. కొందరికి చర్మం మంటెక్కవచ్చు కాబట్టి ముందు కొద్దిగా రాసి పరీక్షించుకోవాలని, కనుబొమలకు గానీ కనురెప్పల వెంట్రుకలకు గానీ వాడకూడదని, వాడితే చూపు పోవచ్చని దాని సారాంశం. మీ ఇంట్లో పాకెట్టు ఉంటే తిప్పి చూడండి. అంత చిన్న అక్షరాలు భూతద్దం పెట్టినా అందవు, అది వేరే మాట. అంటే ప్రభుత్వం డబ్బా మీద చేయొద్దని వేయించిన పనిని మీ పేపరు చిట్కా అని డబ్బా కట్టి మరీ చేయమంది.

నేనేదో భయపెట్టడానికి చెప్పడం లేదు. కిందటేడు మా వీధిలో ఒకావిడ చెల్లెలి కూతురి పెళ్లికని వేరే పార్లర్‌లో తలకు రంగు వేయించుకుంటూ, గిన్నెలో మిగిలింది కదా అని కనుబొమలకూ రాయించుకుంది. ఆ పూట ఏమీ లేదు, అద్దంలో చూసుకుని మురిసిపోయింది. మర్నాడు దురద, ఆ మర్నాటికి రెండు కళ్లూ ఉబ్బి మూసుకుపోయి, కనుబొమల చుట్టూ నీరు కారుతూ… పెళ్లి నల్లకళ్లద్దాలు పెట్టుకుని చూసింది. చూపు దక్కింది, అదృష్టవంతురాలు. తలకు ఎన్నేళ్లుగానో అదే రంగు వాడుతున్నా ఏమీ కాలేదు కదా అని అడిగింది పాపం. పడకపోవడం అనేది ఎన్నేళ్లు వాడాకైనా మొదలవ్వచ్చు, పైగా రెప్పల దగ్గర చర్మం చాలా పలచన, కాస్త చెమట పట్టినా రంగు జారేది కంట్లోకే. అమ్మోనియా లేదని రాసి ఉంటే ఇక ఏ భయమూ లేదనుకుంటారు, అమ్మోనియా లేకపోయినా పీపీడీ ఉండొచ్చు. నల్ల గోరింటాకు పొడి అని అమ్మేవి మరీ మోసం, గోరింటాకు ఎక్కడైనా నల్లగా పండుతుందా?

తెల్లవెంట్రుకలు దాచాలంటే వేరే దార్లు లేవా? ఐబ్రో పెన్సిల్ ఉంది, బ్రష్‌తో దువ్వుకునే ఐబ్రో జెల్ ఉంది, రాత్రి కడుక్కుంటే పోతుంది. ఒకటో రెండో పొడుగ్గా నిక్కి ఉంటే చిన్న కత్తెరతో కొస కత్తిరించుకుంటే చాలు. ఒకటి పీకితే పది వస్తాయన్నది ఉత్తమాట, అయినా పీకొద్దనే చెప్తాను, ఆ వయసులో పోయింది తిరిగి రావడం కష్టం.

కాబట్టి అడిగేది ఒక్కటే. ఆ చిట్కా తప్పని మీ అనుబంధంలో వేయండి, లోపలి పేజీలో మూలన కాదు, చిట్కా వేసిన చోటే, అదే సైజు డబ్బా కట్టి. రంగు డబ్బా మీది హెచ్చరికను ఉన్నదున్నట్టు తెలుగులో పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి, కత్తిరించి మా అద్దం పక్కన అంటించుకుంటాను, మిగతా పార్లర్లకూ ఇస్తాను. ముహూర్తాలు మొదలవ్వకముందే వేస్తే ఇంకా మంచిది, మొదలయ్యాక పేపరు చదివే తీరిక ఎవరికీ ఉండదు, మాకు అసలే ఉండదు.

ఇట్లు,
ఒక బ్యూటీషియన్, మీ పాఠకురాలు,
తెనాలి.