పిల్లోడి కాలికి మనం రాజీ రాయొచ్చా?

సంపాదకులు గారికి,

నమస్కారం. చిత్తూరు కోర్టుకు దగ్గర్లో ఇరవై ఏళ్లుగా టైపింగు, జెరాక్సు అంగడి నడుపుకుంటున్నాను. గుమాస్తాలు రాసి తెచ్చే కాగితాలను టైపు చేసివ్వడం నా పని. భూమి తగాదాలు, చెక్ బౌన్సులు, వాటితో పాటు యాక్సిడెంటు ఓపీలు, అంటే ప్రమాద పరిహారం కోరే పిటిషన్లు. చట్టం చదువుకోలేదు. చదువుకున్న వాళ్లు చెప్పింది టైపు చేసీ చేసీ కొంత తలకెక్కింది, అంతే. పిల్లలకు దెబ్బలు తగిలినప్పుడు కేసు వేయాలా వద్దా అన్న సంగతి మా ఇంటిదాకా వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయినేడు వానల్లో నా మనవడు బడికి పోయే ఆటో బోల్తా పడింది. అందులో పదకొండు మంది పిల్లలు. బ్యాగులన్నీ బయట కడ్డీలకు తగిలించి ఉన్నాయి, మావాడు డ్రైవరు పక్కన అంచు మీద కూర్చున్నాడు. మిగతా వాళ్లు గీతలతో బయటపడ్డారు. వీడి కుడికాలు మాత్రం కమ్మీ కింద పడింది. మోకాలికి కాస్త పైన ఎముక విరిగింది. అందరి మాదిరే మేమూ వేలూరుకు ఎత్తుకుపోయినాం. ఆపరేషన్ అయ్యాక అక్కడి డాక్టరు ఎక్స్‌రే మీద పెన్నుతో ఒక సన్నటి గీత చూపించాడు. పిల్లల ఎముక పొడవు పెరిగేది ఆ గీత దగ్గరే, గ్రోత్ ప్లేట్ అంటారంట. దెబ్బ అక్కడిదాకా పోయింది. "ఇప్పటికి బాగానే నడుస్తాడు. రెండు కాళ్లూ సమంగా పెరుగుతాయో లేదో ఎదిగే కొద్దీ తెలుస్తుంది. ఆర్నెల్లకోసారి తెచ్చి కొలిపించండి" అన్నాడు. మావాడికి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఆటో అతను మా వీధివాడే. ఆస్పత్రికి వచ్చి ఏడ్చినాడు, ఆపిల్ పండ్లు తెచ్చినాడు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని ముప్పై వేలకు మాట తెంపినారు. మా అల్లుడు సరేనని తలూపి, చేతిరాత కాగితం ఒకటి తెచ్చి నా ముందర పెట్టినాడు, టైపు చేసిమ్మని. "పెద్దమనుషుల సమక్షంలో మా ఇష్టపూర్వకంగా రాజీ అయినందున, ఇకమీదట ఎట్టి క్లెయిము గాని, ఎట్టి కేసు గాని..." ఇట్లాంటివి ఎన్ని టైపు చేసి ఉంటానో లెక్కలేదు. కాగితానికి ఇంత అని తీసుకుని పంపించేదాన్ని. ఆ రోజు "మా మైనరు కుమారుడు" అన్న మాట దగ్గర వేళ్లు నిలిచిపోయినాయి. రాజీ పడుతున్నది అల్లుడు. కాలు పిల్లోడిది. పదమూడేళ్లకు ఆ కాలు ఒక అంగుళం పొట్టిదైతే ఈ ముప్పై వేల కాగితం ఏం జవాబు చెబుతుంది?

మాకు తెలిసిన వకీలమ్మను అడిగితే రెండు సంగతులు చెప్పింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షను ప్రకారం తండ్రి తన సొంత మాటతో మైనరును కట్టిపడేయలేడు. కోర్టులో కేసు పడిన తర్వాతైతే మైనరు తరఫున రాజీ పడాలన్నా కోర్టు అనుమతి ఉండాల్సిందే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరులో ఉంది. అంటే మా పెద్దమనుషులు చేసిన కాగితానికి పిల్లోడి వైపు నుంచి చూస్తే పెద్ద విలువ లేదు. కానీ ఆ కాగితం ఇంట్లో ఉంటే ఏ తల్లిదండ్రులూ మళ్లీ కోర్టు గడప తొక్కరు. అది పనిచేసేది అట్లా.

ఇక మా ఇంట్లో జరిగిన రచ్చ. మా అమ్మాయికి సిగ్గు. "బిడ్డ కాలు అడ్డం పెట్టుకుని డబ్బు తిన్నారంటారమ్మా" అని. ఈ మాట నేను అంగడిలోనూ విన్నాను, కేసు వేయకుండా వెనక్కి పోయినవాళ్లలో సగం మంది నోట ఇదే. వాళ్లకు తెలియంది ఒకటుంది. మైనరుకు వచ్చే పరిహారాన్ని మామూలుగా అమ్మానాన్నల చేతికివ్వరు. జాతీయ బ్యాంకులో పిల్లోడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయిస్తారు, పద్దెనిమిది నిండేదాకా. వైద్యానికో చదువుకో కావాలంటే కోర్టును అడిగి తీసుకోవాలి. తినాలన్నా తినలేం.

అల్లుడి భయం వేరు. మన మనిషిని రోడ్డున పడేస్తామా అని. ఇది కొట్టిపారేసే మాట కాదు, నేను కూడా రెండు రాత్రులు నిద్రపోలేదు. ఓపీలో మొదటి రెస్పాండెంటు, అంటే ఎదుటి పక్షం, డ్రైవరో ఓనరో, రెండో రెస్పాండెంటు ఇన్సూరెన్సు కంపెనీ. పాలసీ, లైసెన్సు సరిగ్గా ఉంటే కట్టేది కంపెనీ. లైసెన్సు చెల్లనిదైతే ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పడం నేనే తీర్పుల్లో టైపు చేశాను. పాలసీయే లేకుంటే మొత్తం భారం ఆటో అతని మీదే. అందుకని పోట్లాడకుండా నేరుగా అతన్నే పిలిచి అడిగాను. మరుసటి రోజు ఆర్సీ, పాలసీ, లైసెన్సు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చి, "అక్కా, ఇవి చూడు" అన్నాడు. అన్నీ చెల్లుబాటులోనే ఉన్నాయి. జెరాక్సు తీసుకుని ఒరిజినల్స్ ఇచ్చేసినాను. ఆ పూటే మా ఇంట్లో సగం గొడవ అణిగింది. పిల్లోడు మాత్రం "అవ్వా, ఆటో అన్నను జైల్లో పెడతారా?" అని అడిగినాడు. పోలీసు కేసు వేరు, ఇది వేరు అని చెప్పినాను. అర్థమైందో లేదో తలకాయ ఊపినాడు.

గడువు దగ్గర చాలామంది మోసపోతున్నారు. వెనక ఈ కేసులకు ఆర్నెల్ల గడువు ఉండేది, 1994లో తీసేశారు. అందుకే పాత గుమాస్తాలు ఇప్పటికీ "ఎప్పుడైనా వేసుకోవచ్చులేమ్మా" అంటారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఆ గడువు మళ్లీ వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌లో, అంటే ఈ పరిహారం కేసులు చూసే కోర్టులో, పిటిషన్ పడాలి. దాని మీద సుప్రీంకోర్టు దాకా సవాళ్లు పోయాయి. పోయినా సరే, అక్కడేదో తేలుతుందని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. బడి గోడ కూలో, గేటు మీద పడో దెబ్బ తగిలి మామూలు సివిల్ దావా వేసేదైతే పిల్లోడికి పద్దెనిమిది నిండాక మూడేళ్ల దాకా వెసులుబాటు ఉంటుంది. బండి ప్రమాదాలకు దాన్ని నమ్ముకోకూడదు. ఇక్కడే అసలు ఇరకాటం. కాలు ఏమవుతుందో తెలియడానికి డాక్టరు ఏళ్లు అడుగుతాడు, చట్టం ఆర్నెల్లే ఇస్తుంది. మాకు వకీలమ్మ చెప్పింది ఇది: పిటిషన్ ముందు గడువులోపల పడనీ. డిసెబిలిటీ సర్టిఫికెట్టు, కొలతల కాగితాలు సాక్ష్యం దశలో పెట్టుకోవచ్చు. ఐదో నెలలో వేశాం.

లాభముందా అని అడిగేవాళ్ల కోసం రెండు తీర్పులు చెబుతాను. హర్యానాలో 2007లో పన్నెండేళ్ల పాప ఒకటి ప్రమాదంలో పూర్తిగా మంచాన పడింది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది, హైకోర్టు 25 లక్షలు దాటించింది, సుప్రీంకోర్టు 2020లో 62 లక్షల 27 వేలకు పెంచింది. పన్నెండేళ్ల పైన పట్టిందనేది కూడా నిజమే, దాచిపెట్టను. కోర్టంటే జనం ఎందుకు జంకుతారో ఆ అంకె చెబుతుంది. రెండోది 2025లో వచ్చింది. దెబ్బ తగిలిన పిల్లల ఆదాయాన్ని నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనంతో లెక్కగట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది నాకు బాగా తగిలింది. ఎందుకంటే పిల్లల ఓపీల్లో "వయసు, వృత్తి, నెల సంపాదన" గడుల్లో ఇన్నేళ్లూ "విద్యార్థి, నిల్" అని కొట్టిన చేతులు నావే. మోటారు వాహనాల చట్టం పాత షెడ్యూలులో సంపాదన లేనివాళ్లకు ఏడాదికి 15 వేల రూపాయలని రాసి ఉండేది, దాంతోనే పిల్లల బతుకంతా కూడికలు తీసివేతలు వేసేవాళ్లు.

ఆస్పత్రుల దగ్గర తిరిగే మధ్యవర్తుల సంగతి కూడా చెప్పాలి. మేం వేలూరు నుంచి దిగిన మూడో రోజే ఒకడు ఫోన్ చేసినాడు. ఖర్చంతా వాళ్లదే, వచ్చిన దాంట్లో ముప్పై శాతం వాళ్లకంట. వచ్చేదాంట్లో వాటా అడగడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే వద్దన్నాయి. పిల్లోడి డిపాజిట్ లోంచి ముప్పై శాతం ఎవడికో పోతుందంటే అంతకంటే పెద్దమనుషుల పంచాయితీయే నయమనిపించింది ఒక క్షణం. నిజానికి ఇట్లాంటివాళ్ల అవసరమే లేదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షను ప్రకారం పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే చాలు. కోర్టు పక్కనే అంగడి పెట్టుకున్న నాకే ఈ నంబరు ఆలస్యంగా తెలిసింది. పూతలపట్టులోనో పలమనేరులోనో ఉండే కూలి మనిషికి ఎట్లా తెలుస్తుంది?

తెలియజేసే బాధ్యత ఎవరిదో రాసే ఉంది. 2022లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులేమిటో చెప్పే కాగితం, ఫారం 2, పది రోజుల్లో బాధితుల చేతికివ్వాలి. మా చేతికి అది రాలేదు. నా అంగడికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా దాన్ని పట్టుకొచ్చి చూపించింది లేదు. వచ్చింది పెద్దమనుషుల రాజీ కాగితమే.

కాబట్టి మీ పత్రిక ద్వారా చిత్తూరు, తిరుపతి జిల్లాల పోలీసు, న్యాయసేవా అధికారులను అడిగేది ఇంతే. ఆ ఫారాన్ని సులువైన తెలుగులో అచ్చు వేయించి ఎఫ్ఐఆర్ కాపీతో పాటే ఇవ్వండి. చిత్తూరు పెద్దాస్పత్రిలో, తిరుపతి రుయా ఆస్పత్రిలో క్యాజువాలిటీ గోడ మీద 15100 పెద్ద అక్షరాల్లో రాయించండి. స్టేషన్లలో మైనర్ల తరఫున రాజీ కాగితాలు తీసుకోకండి. జూన్‌లో బడి బస్సుల ఫిట్‌నెస్ చూసేటప్పుడు, పిల్లల్ని కుక్కుకుపోయే ఆటోల పాలసీ కాపీలు కూడా అడగండి. మా ఆటో అతని దగ్గర అన్నీ సరిగ్గా ఉండడం మా అదృష్టం, అందరికీ అట్లా జరగదు.

మా కేసు ఇంకా వాయిదాల మీదే ఉంది. పోయిన నెల వేలూరులో కొలిచినప్పుడు కుడికాలు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. ఆ కాగితం కూడా మూడు కాపీలు తీసి ఫైల్లో పెట్టినాను. రాజీ పత్రాన్ని మాత్రం మా అల్లుడు సగం టైపు అయినది అయినట్టే తీసుకుపోయినాడు, ఏం చేసినాడో అడగలేదు.

ఇట్లు,
టైపింగు అంగడి నడుపుకునే ఒక పాఠకురాలు,
చిత్తూరు