నా నిరభ్యంతర పత్రం మీ చేతుల్లో ఉంది

చిత్తూరు గ్రీమ్స్‌పేటలోని మన గానుగ కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం.

గల్లాపెట్టె పక్కన ఉంటున్న ఆ లావు పుస్తకం ఏమిటని మీలో చాలామంది అడిగారు. మా అమ్మాయి పరీక్షలకని ఒకరికి చెప్పాను, జీఎస్టీ పుస్తకమని ఇంకొకరికి చెప్పాను. రెండూ అబద్ధాలే. ఆ పుస్తకం నాది. నలభై ఒకటో ఏట నేను బెంగళూరులో ఒక మేనేజ్‌మెంటు కోర్సుకు దరఖాస్తు పెట్టాను. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే వారాంతాల్లో చదివే రెండేళ్ల కోర్సు. ఏ సంస్థ అన్నది సీటు వస్తే చెబుతాను. రాకపోతే చెప్పను. ఆ మాత్రం పరువు మిగుల్చుకోనివ్వండి.

ఇంటర్వ్యూ కూడా అయిపోయింది, ఫలితం రావాలి. సీటు వచ్చాక చెబుదామనుకున్నాను గానీ, వస్తే శుక్ర, శనివారాల్లో కొట్టు నడిచే తీరు మారుతుంది. శనివారం నువ్వుల నూనె కోసం వచ్చేవారు ఎంతమందో నాకు తెలుసు. ముందే చెప్పకపోవడం తప్పనిపించింది.

ఈ చదువు ఎందుకంటే, రెండేళ్లుగా నాకో విషయం అంతుపట్టడం లేదు. 2016లో ఒక్క దిరిసెన చెక్క గానుగతో మొదలుపెట్టినప్పటి కంటే ఇప్పుడు అమ్మకం ఎన్నో రెట్లు పెరిగింది. ఆడిటరు గారి కాగితంలో లాభం కనిపిస్తుంది. డిసెంబరు వచ్చేసరికి మాత్రం పెట్టెలో జీతాలకు సరిపడా డబ్బు ఉండదు. ఖరీఫ్ వేరుశనగ కాయలు వచ్చినప్పుడే మంచి సరుకు కొని దాచుకోవాలి, దానికి డబ్బంతా ఒక్కసారే పోతుంది. ఆ నూనె తిరిగి డబ్బుగా మారేది నెలల తర్వాత. హోటళ్ల బాకీలు ఒక పక్క. మాలాంటి చిన్న ఉత్పత్తిదారులకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టంలోనే ఉందట. చట్టం తెలుసుకోవడం ఒక పూట పని. ఎనిమిదేళ్లుగా తెలిసిన హోటలాయన ముందు నిలబడి ఆ మాట అనడానికి మాత్రం నాకు ఇంకా నోరు రాలేదు.

బెంగళూరే ఎందుకని మా అత్తగారు అడిగారు. తిరుపతిలో ఐఐటీ ఉంది, సైన్సు చదువులకు ఐసర్ ఉంది, రెండూ 2015లో వచ్చినవే, కానీ నాకు కావలసింది వ్యాపారం చదువు. మన రాష్ట్రంలోని ఐఐఎం విశాఖపట్నంలో ఉంది. అక్కడికి రాత్రంతా ప్రయాణం చేయాలి. బెంగళూరుకైతే పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో నాలుగైదు గంటలు.

ఇక దరఖాస్తు సంగతి. అందులో "మీ పై అధికారి పేరు, హోదా, ఈమెయిలు" అని ఒక గడి ఉంది. అది నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. మూడు రాత్రులు అక్కడే ఆగిపోయాను. నాకు పై అధికారి ఎవరు? మా ఆయనా? ఆయనకు నువ్వుల ధర కూడా తెలియదు. ఆ కింద మూడు నెలల జీతం చీటీలు అడిగారు. నాకు నేను జీతం ఇచ్చుకున్నది ఏనాడూ లేదు. ఇంటికి కావలసింది పెట్టెలోంచి తీసుకుంటాను, గుర్తుంటే రాస్తాను, లేకపోతే లేదు. (ఆడిటరు గారు ఇది చదువుతుంటే క్షమించాలి.) ఆ తర్వాత, యజమాని ఇచ్చిన నిరభ్యంతర పత్రం.

చివరికి సిగ్గు విడిచి ఆ సంస్థకే ఫోను చేశాను. సొంత వ్యాపారం చేసేవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు), జీఎస్టీ రిటర్నులు, మూడేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు పెడితే చాలన్నారు. నిరభ్యంతర పత్రం మాత్రం సంస్థ పేరు మీద ఉండాలన్నారు. సరేనని కొట్టు కాగితం మీద నేనే రాసుకున్నాను: "మా సంస్థలో పనిచేస్తున్న శ్రీమతి ఫలానా వారు పై చదువులు చదవడానికి మాకెలాంటి అభ్యంతరమూ లేదు." నేనే ముద్ర వేసి, నేనే సంతకం పెట్టాను. మా మరిది అది చూసి, "సెలవు చీటీ మీకు మీరే మంజూరు చేసుకున్నారా వదినా" అని ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ కాగితం మనసులో మెదులుతూనే ఉంది. నేను రెండు రోజులు కొట్టులో లేకపోతే అభ్యంతరం చెప్పే హక్కు ఒకరికి ఉంది. డబ్బిచ్చి నూనె కొంటున్న మీకు. అందుకే ఈ ఉత్తరం.

ప్రవేశ పరీక్ష గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే అందులో మీకు సంబంధించిన విషయం ఒకటి బయటపడింది. ఇలాంటి కోర్సులకు క్యాట్ రాయవచ్చు, జీమ్యాట్ రాయవచ్చు. క్యాట్ ఏడాదికి ఒక్కసారే, నవంబరు చివర్లో. నవంబరంటే మనకు కార్తీకం, దీపాల నూనె, పైగా కొత్త కాయల కొనుగోలు. ఆ నెలలో నాకు జడ వేసుకోవడానికే తీరిక ఉండదు. జీమ్యాట్ ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి అదే రాశాను. మూడు విభాగాలు, ఒక్కోటి 45 నిమిషాలు. మన గానుగలో ఒక వాయి ఆడేటంత సేపు. ఇంట్లో సాధన చేసేటప్పుడు గడియారం పెట్టుకోలేదు, రోట్లో పప్పు పోసి కూర్చునేదాన్ని. పిండి ముద్ద కట్టి చెక్క (నూనె దిగాక మిగిలే పిండి) విడిపోయే శబ్దం వస్తే సమయం అయిపోయినట్టే.

లెక్కల విభాగంలో కాలిక్యులేటరు ఇవ్వరు. నాకది పండగే. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు కాగితం మీద భాగహారం చేస్తుంటే నేను నోటితో చెప్పేస్తాను. ఇంగ్లిషు భాగం దగ్గర ఆ గర్వమంతా దిగిపోయింది. ఒక పేరా నాలుగుసార్లు చదివినా అది దేన్ని సమర్థిస్తోందో, దేన్ని ఖండిస్తోందో తెలిసేది కాదు. ఈ పరీక్షలో మార్కులు 205 నుంచి 805 దాకా, అన్నీ 5తోనే ముగుస్తాయి. మొదటిసారి నాకు 495 వచ్చింది. రెండోసారి 575. గొప్ప మార్కులేమీ కావు, దరఖాస్తుకు సరిపోయాయి.

మీకు సంబంధించిన విషయం ఇది. ఒక రాత్రి మిశ్రమాల లెక్క చేస్తున్నాను. సాంద్రతలు, బరువులు, లీటర్లు. లీటరు వేరుశనగ నూనె బరువు కేజీ ఉండదు, సుమారు 910 గ్రాములు. ఇది నాకు కొత్త కాదు, సీసాలు నింపేటప్పుడు రోజూ చూసేదే. లెక్క మధ్యలో కలం ఆగిపోయింది. హోటళ్లకు పంపే టిన్నులు మనం కాటా మీద పెట్టి 15 కేజీలు తూచి నింపుతాం. ధర మాత్రం నేను లీటరు రేటును 15తో హెచ్చించి వేస్తున్నాను. 15 కేజీల నూనె అంటే దాదాపు పదహారున్నర లీటర్లు. అంటే 2019 నుంచి ప్రతి టిన్నుకూ లీటరున్నర దాకా నూనె ఊరికే ఇచ్చేశాను.

లేచి కొట్టులోకి వెళ్లి, దీపం వేసి, ఖాళీ టిన్ను తీసుకుని లీటరు కొలపాత్రతో ఒక్కొక్కటే పోసి చూశాను. పదిహేను పోశాక కాటా మీద పెడితే ముల్లు పదమూడున్నర కొద్దిగా దాటి ఆగింది. అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. తొమ్మిదో తరగతిలో చదివిన లెక్క.

హోటళ్ల వారికి ఒక మాట. పాత నూనెకు మీ దగ్గర పైసా అడగను, తప్పు నాది. వచ్చే నెల నుంచి టిన్ను మీద బరువు, లీటర్లు రెండూ రాసి ఉంటాయి, ధర బరువుకు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, లీటర్లు మారతాయి, బరువు మారదు. అందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా, వంటనూనె ప్యాకెట్ల మీద ఉష్ణోగ్రత రాయకుండా, పరిమాణంతో పాటు బరువూ ముద్రించాలని కంపెనీలకు చెప్పి, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. అది పేపర్లో చదివి, మనకెందుకులే పెద్ద కంపెనీల సంగతి అని పక్కన పెట్టిన మనిషిని నేనే. టిన్ను ధర పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఇన్నాళ్లూ తగ్గించి అమ్మాను. కుదరదనుకునేవారు మానుకోవచ్చు, నాకు కోపం ఉండదు. కొంచెం బాధ ఉంటుంది.

దరఖాస్తుకు రెండు సిఫారసు ఉత్తరాలు కావాలన్నారు. ఒకటి ఆడిటరు గారు ఇచ్చారు. రెండోది అడగడానికి కట్టమంచిలో ఉండే మన పాత ఖాతాదారు, రిటైరైన మాస్టారి ఇంటికి వెళ్లాను. ఈ వయసులో చదువేమిటని నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన ఊళ్లో నిలబడి చదువుకోవడానికి సిగ్గంటావా అమ్మా?" అన్నారు.

సిఫారసు చేసేవారిని అడిగే ప్రశ్నల్లో ఒకటి, "విమర్శకు ఈ అభ్యర్థి ఎలా స్పందిస్తారు?" అని. మాస్టారు రాసింది నాకు చదివి వినిపించారు. 2021 వానల్లో ఒక లాటు పప్పు సరిగా ఆరకుండానే ఆడించాను. నూనెకు ముక్కిన వాసన వచ్చింది. ఆయన సీసా వెనక్కి తెస్తే, గానుగ నూనె వాసన అలాగే ఉంటుందని వాదించాను. అవును, వాదించాను. రెండు రోజుల తర్వాత పప్పు సంచి అడుగున బూజు చూసి, ఆ లాటు కొన్నవారందరి ఇళ్లకూ వెళ్లి సీసాలు వెనక్కి తెచ్చాను. మాస్టారు రెండూ రాశారు. "మొదటి రోజు వినదు, మూడో రోజుకు వింటుంది" అని. మొదటి వాక్యం తీసేయండి మాస్టారూ అన్నాను. "తీస్తే రెండోది ఎవరు నమ్ముతారు?" అన్నారు.

ఇంటర్వ్యూకు తెల్లవారుజామున బయలుదేరాను. మొగిలి ఘాటులో బస్సు మెల్లగా ఎక్కుతుంటే నేర్చుకున్న జవాబులన్నీ మరిచిపోయాను. లోపల ముగ్గురు కూర్చున్నారు. వారు ఎక్కువసేపు అడిగింది ఒకటే: "మీరు లేని రెండు రోజులు నాణ్యత ఎవరు చూస్తారు?" మా మరిది చూస్తాడన్నాను. "ఆయనకు వాసన తెలుసా?" అని ఒకావిడ అడిగారు. వాసన తెలియడమంటే ఏమిటో నేను ఎవరికీ రాసి ఇవ్వలేదని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టాను. పప్పు ఎంత ఆరాలి, నువ్వుల్లో తాటిబెల్లం ఎప్పుడు వేయాలి, మడ్డి దిగడానికి ఎన్నాళ్లు ఆగాలి. ఇప్పటికి పదకొండు పేజీలు అయింది. మరిది రోజూ సాయంత్రం నాకు అప్పజెబుతున్నాడు, పాపం.

సీటు వస్తే జరిగేవి ఇవి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా నేను ఉండను. కొట్టు తెరిచే ఉంటుంది. సొంత గింజలు తెచ్చి ఆడించుకునేవారు మాత్రం ఆదివారం నుంచి గురువారం లోపు రావాలి. నేను లేనప్పుడు ఒకరి పప్పు ఇంకొకరి పప్పులో కలిసిపోయే పరిస్థితి రానివ్వను. వెంకన్న పూజల పెరటాసి నెల శనివారాలకు మా ఆడపడుచు కూడా వచ్చి కూర్చుంటుంది. హైదరాబాదు పార్సిళ్లు రెండేళ్లు ఆపేస్తున్నాను. ఫీజు కోసం సీసా ధర పెంచను. బ్యాంకులో అప్పు తీసుకుంటున్నాను, రెండో గానుగ కోసం దాచిన డబ్బు కూడా అందులోకే పోతుంది. కాబట్టి దీపావళి ముందు వరుసలో నిలబడే బాధ మీకు ఇంకో రెండేళ్లు తప్పదు. ఈ చదువులో మీరు కట్టే వాటా అదే, దాచడం ఎందుకు.

సీటు రాకపోతే శనివారాల్లో నేనే ఉంటాను. టిన్ను ధర మాత్రం అప్పుడూ మారుతుంది.

గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు లావు పుస్తకం బదులు ఒక నోటుబుక్కు పెట్టాను. అభ్యంతరం ఉన్నవారు అందులో రాయండి, పేరు రాయకపోయినా ఫరవాలేదు. ఒకటి అప్పుడే వచ్చింది. పాలు పోసే ఆయన రాయించారు: "శనివారం ఆవులకు చెక్క ఎవరు తూస్తారు?" శుక్రవారం ఉదయమే తూచి, మీ గోనెసంచిలో కట్టి గుమ్మం పక్కన పెడతాం, అన్నా.