రెండో టీ మానేస్తే

సంపాదకుల వారికి,

జీతం పెరిగాక పొదుపు చేద్దామని నేనూ ఏళ్లు గడిపాను. బయట తాగే రెండో టీ, పక్క వీధికి కూడా ఎక్కే ఆటో మానేశాక రోజుకు ఇరవై రూపాయలు మిగిలాయి. నెలకు 600. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లలో కట్టేది 36,000, చేతికొచ్చేది సుమారు 42,800. దీంతో మేడలు కట్టలేం, నిజమే. కానీ కాలేజీ ఫీజు కోసం వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కనక్కర్లేదు. సారాపై తిరగబడిన నెల్లూరు జిల్లా మహిళలు 1990లలో రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు సంఘాలు నిలబెట్టారు. ఇప్పుడా రూపాయిని చిల్లరంటున్నాం!

చిన్న పొదుపు పథకాల వడ్డీ రేట్లను కేంద్రం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. షేర్ల ధరలకు అంత చోటిచ్చే మీరు ఆ పట్టికను కూడా ఓ మూల అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, ఒంగోలు