జూన్ నుంచి మా పాస్తా, సేమ్యా, నూడుల్స్‌లో వచ్చే మార్పుల గురించి కొనుగోలుదారులకు

కాకినాడలోని మా చిన్న కార్ఖానాలో తయారయ్యే రకాలను ఈ జూన్ నుంచి తగ్గిస్తున్నాము. కోడిగుడ్డు నూడుల్స్, సజ్జ సేమ్యా పూర్తిగా ఆగిపోతాయి. పొడవాటి స్పాగెట్టీ జూన్ నుంచి నవంబరు చివరి వరకు దొరకదు. జొన్న, రాగి సేమ్యా పొట్లాల మీద రాత మారుతుంది. బన్సీ రవ్వతో చేసే పాస్తా ధర కిలోకు 20 రూపాయలు పెరుగుతుంది. ఇవన్నీ మీ వంటింటికి సంబంధించిన విషయాలు కాబట్టి, ధరల పట్టిక మార్చి ఊరుకోకుండా, దేనిని ఎందుకు ఉంచుతున్నామో, దేనిని ఎందుకు ఆపుతున్నామో వివరంగా రాస్తున్నాను.

ముందుగా స్పాగెట్టీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అడుగుతున్నది దాని గురించే. యంత్రం నుంచి బయటికి వచ్చేటప్పుడు పాస్తా ముద్దలో దాదాపు 30 శాతం నీరు ఉంటుంది. అది ఏడాది పొడవునా నిల్వ ఉండాలంటే ఆ తేమ పన్నెండున్నర శాతానికి దిగాలి; ఇటలీ చట్టంలో ఎండు పాస్తాకు పెట్టిన పరిమితి కూడా అదే. తేమ తగ్గించడం పెద్ద కష్టం కాదు, తీగ లోపలా పైనా ఒకే వేగంతో తగ్గేలా చూడటంలోనే పనితనమంతా ఉంది. పైభాగం త్వరగా ఎండి, లోపల పచ్చి మిగిలిపోతే, ఆ రోజు చూడటానికి తీగ చక్కగానే ఉంటుంది. నాలుగు రోజుల తరువాత దానిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మాత్రం లోపల వెంట్రుకవాసి తెల్లటి గీతలు కనిపిస్తాయి. అలాంటి తీగను మరిగే నీళ్లలో వేస్తే ఆ గీతల దగ్గరే ముక్కలవుతుంది. అందుకే ప్రతి విడతలో కొన్ని తీగలను కొన్నాళ్లు పక్కన పెట్టి, వెలుతురులో చూసిన తరువాతే పొట్లాలు కడతాము.

నేపుల్స్ దగ్గరి గ్రన్యానో పట్టణంలో ఒకప్పుడు పాస్తాను వీధుల్లోనే కర్రల మీద వేలాడదీసి ఎండబెట్టేవారు. కొండగాలి, సముద్రపు గాలి రెండూ అందే చోటు కావడం వల్ల అక్కడ తీగ నిదానంగా, సమంగా ఎండేది. ఆ ఊరి పాస్తాకు 2013లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. మాకూ సముద్రం పక్కనే ఉంది కానీ, వానలు మొదలైన తరువాత మన తీరంలో గాలే తడిగా ఉంటుంది కనుక తీగలోని తేమ బయటికి రావడం కష్టమవుతుంది. వేడి పెంచి ఎండబెట్టే దారి లేకపోలేదు. పెద్ద కర్మాగారాలు 80 డిగ్రీలు, అంతకు పైన వేడితో కొన్ని గంటల్లోనే పని ముగిస్తాయి, వాటి యంత్రాలు వేడినీ తేమనూ కలిపి అదుపు చేయగలవు. అయితే అంత వేడిలో పిండిలోని లైసిన్ అనే పోషకం కొంత నశిస్తుంది, రంగు కూడా ముదురుతుంది. మేము 50 డిగ్రీలు దాటకుండా, ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజుల దాకా ఎండబెడతాము. పెన్నే, ఫుసిల్లీ వంటి పొట్టి రకాలను తట్టల్లో పరిచి కదుపుతూ ఉండవచ్చు కాబట్టి వానల్లోనూ అవి కుదురుతాయి. సేమ్యా సన్నం కనుక దానికీ ఇబ్బంది లేదు. వేలాడదీయాల్సిన పొడవు రకం ఒక్కటే ఆ నెలల్లో మేము కోరుకున్నట్టు రాదు. అందుకే నాసిగా చేసి అమ్మడం కంటే ఆపడమే సబబని నిర్ణయించుకున్నాము.

ఇక ధర. మన ఇళ్లలో ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ మామూలు గోధుమది. పాస్తాకు కావలసింది డ్యూరం అనే గట్టి గోధుమ. ఆ రవ్వనే మన కిరాణా కొట్లలో బన్సీ రవ్వ అంటారు. మన దేశంలో ఈ గోధుమ ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతంలో పండుతుంది. గుజరాత్‌లో నేలలో నిలిచిన తేమ మీదనే పండించే భాలియా గోధుమ కూడా డ్యూరం జాతిదే, దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. రెండు రవ్వలను అరచేతిలో పక్కపక్కన పోసుకుంటే తేడా తెలిసిపోతుంది: ఒకటి తెల్లగా ఉంటుంది, బన్సీ రవ్వ లేత పసుపు రంగులో గాజుముక్కల్లా మెరుస్తుంది. ఆ పసుపు గింజలో సహజంగా ఉన్నదే, మేము ఏ రంగూ కలపము. ఆ గింజలోని మాంసకృత్తులు పిండిపదార్థాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి ఉడికిన తరువాత కూడా పాస్తా పంటికి తగులుతుంది, నీళ్లు జిగురెక్కవు. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరం రవ్వతోనే చేయాలని 1967లో చట్టం చేశారు. మన దగ్గర మైదాతో చేసినదీ పాస్తా పేరుతోనే అమ్ముడుపోతోంది కనుక, ఎక్కడ కొన్నా పొట్లం వెనక పదార్థాల వరుసలో మొదటి పేరు ఏమిటో చూడమని నా మనవి.

2025 సెప్టెంబరు 22 నుంచి పాస్తా మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఆ తగ్గింపును మేము మొత్తంగా మీకే ఇచ్చాము. సేమ్యాకు అంతకు ముందు నుంచే 5 శాతం ఉండేది కాబట్టి దాని ధర అప్పుడు కదల్లేదు. ఆ సంగతి చాలామంది అడిగారు గనుక మళ్లీ చెబుతున్నాను. ఇప్పుడు పెరుగుతున్న 20 రూపాయలు రవ్వ కొనుగోలు ధరకూ, నిదానంగా ఎండబెట్టడానికి అయ్యే కరెంటుకూ పోతాయి. మైదా కలిపితే ధర పెంచకుండానే నడపవచ్చునని కొందరు శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారు. వారి మాటలో మంచి ఉద్దేశమే ఉన్నా, ఆ పని మాత్రం చేయము.

పాస్తాను మేము రంధ్రాలున్న కంచు బిళ్ళల గుండా ఒత్తుతాము. టెఫ్లాన్ పూత ఉన్న బిళ్ళలతో పని వేగంగా జరుగుతుంది, తీగ నున్నగా, మెరుస్తూ వస్తుంది. కంచు బిళ్ళ నుంచి వచ్చినది గరుకుగా, పైన పిండి చల్లినట్టు కనిపిస్తుంది. అది పాతబడిన సరుకేమోనని కొందరు అనుమానపడ్డారు. వేలితో రాసి చూసినా ఆ గరుకుదనం పోదు, కూర గుజ్జును పట్టుకునేది అదే. మన ఇళ్లలో టమాటా, వెల్లుల్లి, కారం కాస్త ఎక్కువగా వేసి దగ్గరపడేలా చేస్తాము కనుక, గాడులు తీసిన పెన్నేకు మించిన రకం మరొకటి లేదని నా అభిప్రాయం, అమ్మకాలూ అదే చెబుతున్నాయి. ఫుసిల్లీని పిల్లలున్న ఇళ్లవారు ఎక్కువగా తీసుకువెళతారు.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది ఒరెక్కియెట్టే. ఇది దక్షిణ ఇటలీలోని పుల్యా ప్రాంతానిది. బారీ పట్టణపు పాత వీధుల్లో ఆడవాళ్లు ఈనాటికీ ఇళ్ల ముందు బల్లలు వేసుకుని దీనిని చేత్తో చేస్తారు. రవ్వ, నీళ్లు తప్ప ఇందులో మరేమీ ఉండదు. ముద్దను సన్నటి కడ్డీలా చేసి, చిన్న ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కను మొద్దు కత్తితో బల్ల మీద లాగి, బొటనవేలి మీద తిరగేస్తారు. మధ్యలో గుంట, అంచున మందం ఏర్పడతాయి. ఉడికాక ఆ అంచు గట్టిగా, మధ్యభాగం మెత్తగా ఉంటుంది. అక్కడ దీనిని కాస్త చేదుగా ఉండే ఒక ఆకుకూరతో, వెల్లుల్లితో వండుతారు. మెంతికూర, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేసి చూడండి, మన నోటికి చక్కగా సరిపోతుంది. మా దగ్గర పనిచేసే మహిళలు ఇప్పుడు దీనిని నేర్పుగా చేస్తున్నారు. చేతిపని కాబట్టి ధర పెన్నేకు రెట్టింపు ఉంటుంది, ముందుగా చెప్పినవారికే చేస్తాము. ఆ ఎక్కువ ధరలో సింహభాగం చేసినవారి కూలికే వెళుతుంది.

శాకాహారులు తరచూ గుడ్డు గురించి అడుగుతారు. ఇటలీలో ఉత్తరాదిన, ముఖ్యంగా ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో, తాజా పాస్తాను గుడ్డు వేసి మెత్తటి పిండితో కలుపుతారు. దక్షిణాది ఎండు పాస్తాలో రవ్వ, నీళ్లే ఉంటాయి, మేము చేసేది ఆ రెండో రకం. అయితే మాకున్నది ఒకటే యంత్రం. కోడిగుడ్డు నూడుల్స్ చేసిన ప్రతిసారీ దానిని విప్పి, కడిగి, ఆరబెట్టిన తరువాతే మిగతావి మొదలుపెట్టాలి. ఆ పని ఎంత శ్రద్ధగా చేసినా, పూజలకూ వ్రతాలకూ పాయసం సేమ్యా మా దగ్గర కొనేవారికి పూర్తి నిశ్చింత ఉండాలన్నది మా కోరిక. గుడ్డు నూడుల్స్ ఆపడానికి కారణం అదే. ఫాస్ట్‌ఫుడ్ బండ్లవారిలో కొందరికి ఇది నష్టమని తెలుసు. వారికి ఇదివరకు సరఫరా చేసినట్టే గుడ్డులేని పసుపు నూడుల్స్ ప్రతి ఉదయం తాజాగా ఇస్తాము.

ఆ పసుపు నూడుల్స్ గురించీ ఒక మాట చెప్పాలి. వాటిలో రంగు వేస్తారన్న అనుమానం చాలామందికి ఉంది. మైదా ముద్దలో సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిపిన నీళ్లు పోస్తాము. అప్పడాలపిండిలో వేసే క్షారం ఈ జాతిదే. క్షారం తగలగానే పిండిలో సహజంగా ఉన్న కొన్ని పదార్థాలు పసుపుపచ్చగా మారతాయి, ముద్దకు సాగే గుణం, పంటికింద బిగువు వస్తాయి. చైనాలోని లాన్‌జౌ నగరంలో చేత్తో లాగే నూడుల్స్‌కు పూర్వం ఒక ఎడారి మొక్క బూడిదను ఇందుకే వాడేవారు. ఉడికిన మా నూడుల్స్ మీద నిమ్మరసం పిండి చూడండి, పులుపు తగిలిన చోట పసుపు తగ్గి పాలిపోతుంది.

చిరుధాన్యాల సేమ్యా విషయంలో మీకు పూర్తి వివరం తెలియాలి. జొన్న, రాగి, కొర్ర పిండిలో గోధుమకు ఉన్న సాగే బంక లేదు, అందుకే వాటిని పచ్చిముద్దగా ఒత్తితే తీగ నిలవదు. మా జొన్న, రాగి సేమ్యాలో సగం ఆ ధాన్యపు పిండి, సగం గోధుమ రవ్వ. ఇప్పటివరకు పొట్లం వెనక ఉన్న ఈ లెక్క జూన్ నుంచి ముందువైపు, పేరు పక్కనే, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గోధుమ పడనివారు వీటిని దయచేసి కొనవద్దు. ఒకే యంత్రం కాబట్టి మా దగ్గర తయారయ్యే ఏ రకమూ వారికి క్షేమం కాదు.

గోధుమ అసలు లేకుండా చిరుధాన్యాలతో తీగలు రావా అని అడిగేవారికి, వస్తాయన్నదే జవాబు. చైనాలోని లాజియా అనే చోట తవ్వకాల్లో బోర్లించిన గిన్నె కింద దాదాపు 4,000 ఏళ్లనాటి నూడుల్స్ దొరికాయని, అవి కొర్ర, వరిగ పిండితో చేసినవని 2005లో పరిశోధకులు ప్రకటించారు. బంకలేని పిండి అంత పొడవుగా ఎలా సాగుతుందని మరికొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. ఆ తరువాత పరిశోధకులు పిండిని ముందే వేడితో ఉడికించి, ముద్ద చేసి, గొట్టంలో ఒత్తితే తీగలు వస్తాయని చేసి చూపారు. బియ్యప్పిండిని ఉడకబెట్టి ఇడియాప్పం ఒత్తడంలో ఉన్న కిటుకు ఇదే. ఆ పద్ధతిలో కొర్ర సేమ్యా చేయాలన్న ఆలోచన మాకు గట్టిగానే ఉంది. అయితే దానికి వేరే గది, వేరే యంత్రం సమకూరాలి, అవి సమకూరిన తరువాతే మొదలుపెడతాము.

సజ్జ సేమ్యాను ఆపడానికి కారణం వేరు. సజ్జలో కొవ్వు మిగతా ధాన్యాల కంటే ఎక్కువ. పిండి పట్టిన వెంటనే ఆ కొవ్వు విరగడం మొదలై, కొద్ది వారాల్లోనే చేదు తిరుగుతుంది. సజ్జపిండి ఏ రోజుకారోజు పట్టించుకుని రొట్టె చేసుకుంటేనే రుచి. నెలల తరబడి కొట్టులో ఉండే పొట్లంగా అది మీకు చేరడం నాకు నచ్చలేదు.

రెండు నిమిషాల్లో ఉడికే నూడుల్స్ కూడా చేయమని పిల్లల తల్లులు అడుగుతూ ఉంటారు. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో ఆ పద్ధతిని తెచ్చారు: ఉడికిన నూడుల్స్‌ను నూనెలో వేయిస్తే నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుతాయి, వేడినీళ్లు తగలగానే వాటిగుండా మళ్లీ లోపలికి చేరతాయి. తెలివైన పద్ధతే, కానీ అలా చేసిన నూడుల్స్ బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. నిదానంగా ఎండబెట్టడం మీదనే నిలబడిన మా పనికి అది సరిపడదు.

వండే విధానం గురించి వచ్చిన ప్రశ్నలకు క్లుప్తంగా: 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, దాదాపు 10 గ్రాముల ఉప్పు వేయండి. ఒక ముక్కను కొరికి చూస్తే మధ్యలో సూదిమొనంత తెల్లచుక్క కనిపించే దశలో దించి, అది ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పక్కన ఉంచుకుని, గుజ్జులో కలిపి మరో నిమిషం పొయ్యి మీద ఉంచండి. పాస్తాను చన్నీళ్లతో కడగవద్దు, పైనున్న పిండి పోతే గుజ్జు అంటుకోదు. వేయించే నూడుల్స్‌ను మాత్రం కడిగి నూనె రాయాలి. సేమ్యాను నేతిలో దోరగా, అన్ని పోగులకూ సమంగా రంగు వచ్చేవరకు వేయిస్తే ఉప్మా ముద్దకట్టదు. గ్లాసు సేమ్యాకు రెండు గ్లాసుల నీళ్లు మించకూడదు.

స్పాగెట్టీ ఆఖరి విడతను మే మూడో వారంలో ఒత్తుతాము. వానాకాలానికి సరిపడా కావలసినవారు ఆలోగా కొట్టుకు వచ్చి పేరు, ఎన్ని కిలోలో రాయించండి, బయానా అక్కరలేదు. తేమ తగలని డబ్బాలో పెడితే ఏడాది వరకు చెక్కుచెదరదు. ఒరెక్కియెట్టేకు నాలుగు రోజుల ముందు చెప్పాలి. కోడిగుడ్డు నూడుల్స్‌కు ముందుగా డబ్బు కట్టిన బండ్లవారికి మిగిలిన సొమ్ము జూన్ మొదటి వారంలో తిరిగి ఇస్తాము, లేదా వారు కోరితే పసుపు నూడుల్స్ లెక్కలోకి మారుస్తాము.