పార్కు గేటు పగలంతా తెరిచి ఉంచండి

పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లోని మా కాలనీ పార్కు గేటుకు ఉదయం తొమ్మిదిన్నరకు తాళం పడుతుంది. మళ్ళీ తీసేది సాయంత్రం నాలుగింటికే. మా అమ్మకు షుగర్. రోజూ అరగంట నడవమని, ఆమె వెళ్ళినప్పుడల్లా డాక్టర్ గారు చెబుతారు. టిఫిన్లు, పిల్లల బాక్సులు అయి ఆమెకు చేయి ఖాళీ అయ్యేసరికి పదిన్నర దాటుతుంది. రోడ్డు మీద నడుద్దామంటే ఫుట్‌పాత్ నిండా బైకులు. అందుకే మేడెక్కి, ఎండలో, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతుంది.

మధ్యాహ్నం ఆ గేటు బయట ఇళ్ళలో పనిచేసే అక్కలు ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు. గోడ మీంచి బయటికి వంగిన కానుగ కొమ్మ కింద కాస్త నీడ ఉంటుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎండ జరిగిన కొద్దీ వాళ్ళూ జరుగుతూ అన్నం తింటారు. గోడకు అవతల అదే చెట్టు కింద సిమెంటు బెంచీలు ఖాళీగా ఉంటాయి. నాకు చాలా బాధగా ఉంటుందండీ అది చూస్తే.

పగలు తెరిస్తే ఆకతాయిలు చేరతారని అంటారు. నలుగురు మసిలే చోటికే వాళ్ళు రావడానికి జంకుతారు. ఒక వాచ్‌మన్‌ను పెడితే సరిపోయే పనికి ఊరందరికీ తాళం వేయడం న్యాయం కాదు.

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల మందికి పైనే. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలైనా ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నిమిషాలు ఎక్కడ నడవాలి? కేబీఆర్ పార్కు మంచిదే, కానీ మాకు రెండు బస్సులు మారాలి. అమ్మకు కావాల్సింది చెప్పులేసుకుని ఐదు నిమిషాల్లో చేరే చోటు.

బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే, 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. కట్టబోయేది ఆసుపత్రే అయినా ఒప్పుకోలేదు. నేను తరచూ ఆ తీర్పు గురించి ఆలోచిస్తాను. మా పార్కును ఎవరూ లాక్కోలేదు. స్థలం ఉంది, చెట్లు ఉన్నాయి, అడ్డంగా తాళం ఒక్కటే ఉంది.

కొత్త ఫౌంటెన్లు, రంగుల లైట్లు అడగడం లేదు. కాలనీ పార్కులన్నీ పొద్దున ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచమని ఆదేశాలివ్వండి. తాగే నీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకు శుభ్రమైన టాయిలెట్ ఉండేలా చూడండి. టాయిలెట్ లేకనే మా వీధిలో చాలామంది పెద్దావిడలు సాయంత్రం కూడా పార్కుకు రావడం మానేశారు.

వేసవి ముదరకముందే ఈ ఆదేశం వస్తే, ఈ మే నెలలో ఆ అక్కలు బెంచీ మీద కూర్చుని అన్నం తింటారు.

ఇట్లు,
కాలనీవాసి ఒకరు