ప్రతిస్పందనల గడిలో ఏం రాయాలి?

అంబాజీపేట

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. నిన్న నువ్వు అడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పేవాణ్ణి. ఈలోగా మీ అమ్మ ఫోన్ లాక్కుంది, ఇక నాకు ఇస్తుందా! అందుకే ఉత్తరం. "రోజంతా గొంతు చించుకుంటున్నాను నాన్నా, సాయంత్రానికి వాళ్ళకేం ఎక్కిందో తెలియట్లేదు. పైగా ఇంటికొచ్చి రాసుకోమంటావు. రాస్తే ఏమొస్తుంది?" అన్నావు.

ప్రాథమిక బడిలో కొత్తగా చేరిన ఎస్జీటీ టీచరుకి రాత పని తక్కువేం కాదని నాకు తెలుసు. పాఠ్య ప్రణాళికలు, హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు. నెట్ సరిగా రాని గోదావరి లంక ఊళ్ళో అయితే ఆ ఫోటో ఎక్కేసరికి ఒక పీరియడ్ పోతుంది. కాకపోతే అవన్నీ పైవాళ్ళు అడిగే రాతలు. నేను చెప్పేది నీకు పనికొచ్చే రాత.

పాఠ్య ప్రణాళిక చివర 'ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు' అని ఒక గడి ఉంటుంది కదా. నేను చూసిన పుస్తకాల్లో చాలావాటిలో అక్కడ ఒకటే మాట: "పిల్లలు చక్కగా పాల్గొన్నారు. కొందరికి ఇంకా సాధన అవసరం." ఏ పాఠానికైనా అదే. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఆ గడి ఖాళీగా ఉన్న పేజీ పట్టుకుని నన్ను నిలదీశాడు గానీ, నిండుగా ఉన్న పక్క పేజీలో ఏం రాశానో ఒక్క ముక్క చదవలేదు. ఆ గడిని నువ్వు ఎలా నింపినా నేనేం అనను. అసలు సంగతికి మాత్రం విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకో.

మూడో తరగతికి తీసివేతలు చెప్పానన్నావుగా, దాన్నే తీసుకుందాం. "తీసివేతలు చెప్పాను, కొందరికి అర్థం కాలేదు" అని రాస్తే అది రిజిస్టరు. ఇలా రాయి: "302 లోంచి 148 తీయమన్నాను. నలుగురు 246 వేశారు." రాసి, ఆ 246 కేసి కాసేపు చూడు. అజాగ్రత్త వల్లయితే నలుగురికీ నాలుగు రకాల జవాబులు రావాలి. నలుగురికీ ఒకటే వచ్చిందంటే వాళ్ళకి ఏదో పద్ధతి ఉందన్నమాట. మూడులోంచి ఒకటి పోతే రెండు. సున్నాకీ నాలుగుకీ తేడా నాలుగు. రెండుకీ ఎనిమిదికీ తేడా ఆరు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడకుండా, ఏ నిలువు వరసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. ఎందుకు తీయరు? "ఎప్పుడూ పెద్దదాన్లోంచి చిన్నది తీయాలి" అని కింది తరగతుల్లో చెప్పేది మన టీచర్లమే కదా. పాపం, మన మాట విన్నారు. ఇది మన లంక పిల్లలకే వచ్చే తప్పు అనుకోకు. ఇలాంటి తప్పుల వెనక ఒక పద్ధతి ఉంటుందని అమెరికాలో పరిశోధకులు 1970ల్లోనే విడదీసి చూపించారు.

బోర్డు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఇదంతా తట్టదు. ఒకడు నీళ్ళకి వెళ్తానంటాడు, ఇంకొకడు పక్కవాడు గిల్లాడంటాడు, ఈలోగా భోజనం గంట. కాగితం మీద అంకె కనబడ్డప్పుడు తడుతుంది. డొనాల్డ్ షాన్ అనే ఆయన 1983లో చెప్పింది ఈ సంగతే: పనిలో ఉండగా చేసే ఆలోచన ఒకటి, పనయ్యాక దాని మీద చేసే ఆలోచన ఇంకొకటి, వృత్తిలో ఉన్నవాళ్ళకి రెండూ కావాలని. డీఎడ్ టీచరు శిక్షణలో పరీక్ష కోసం చదివి మర్చిపోయే ఉంటావులే.

ఆ కిందే, రేపు ఏం చేస్తావో ఒక్క వాక్యం రాసుకో. "మూడు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు చేతికిచ్చి 148 రూపాయల కొబ్బరికాయలు కొనమంటాను." చెట్లెక్కి కొబ్బరికాయలు దించే దింపు కార్మికుల పిల్లలకి చిల్లర సంగతి మనం నేర్పక్కర్లేదు. వందని పది పదులు చేసుకోవాలని, అందులో ఒక పదిని మళ్ళీ రూపాయి బిళ్ళలుగా విడగొట్టాలని వాళ్ళే గోల పెడతారు. మర్నాడు ఏం జరిగిందో కూడా రాయి. కుదరకపోతే కుదరలేదనే రాయి, అందులో నామోషీ ఏం లేదు.

ఇంకో సంగతి. చూసింది వేరు, అనుకున్నది వేరు. "ఇంట్లో పట్టించుకోరు" అన్నది నీ తీర్పు. "సోమ, మంగళవారాలు రాలేదు. బుధవారం వచ్చింది, పుస్తకం లేదు" అన్నది నువ్వు చూసింది. మన వైపు వాళ్ళమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎంతమందో నీకు తెలుసు. కాజ్‌వే మీదకి నీళ్ళొచ్చి పడవ ఆగిపోతే రాలేనివాళ్ళూ ఉంటారు. ముందు చూసింది రాయి, కారణం తర్వాత అడిగి తెలుసుకో.

నెలాఖరుకి పాత పేజీలు ఒకసారి తిరగెయ్యి. ఏ పిల్లల పేర్లు వచ్చాయో చూడటం కాదు, ఏ పేర్లు ఒక్కసారి కూడా రాలేదో చూడు. అల్లరి చేసేవాడు ప్రతి పేజీలో ఉంటాడు, గబగబా చెయ్యెత్తే పిల్లా ఉంటుంది. తలుపు పక్కన కూర్చుని, అడగనిదే నోరు విప్పని పిల్ల నెల మొత్తం మీద ఎక్కడా ఉండదు. రాసుకునేవాళ్ళకి నా లెక్కన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే. మర్నాడు నీ కళ్ళు వాటంతట అవే తలుపు వైపు పోతాయి.

రాసి పెట్టెలో పెట్టుకుంటే మాత్రం సగం పనే. మా ఏపీపెప్ రోజుల్లో, బ్రిటన్ సాయంతో నడిచిన ఆ ప్రాథమిక విద్యా పథకంలో, టీచర్ సెంటర్లని ఉండేవి. చుట్టుపక్కల బళ్ళవాళ్ళం కలిసేవాళ్ళం. చాలాసార్లు టీలతోనూ డీఏ బకాయిల కబుర్లతోనూ పొద్దుపోయేది, కాదనను. కానీ ఎవరో ఒకరు "నిన్న మా క్లాసులో ఇలా జరిగింది" అని మొదలెడితే కునుకుపాట్లు పడేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. వకీలు పని వదిలి పిల్లల చదువు వైపు వచ్చిన గిజుభాయి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయన గుజరాతీలో రాసిపెట్టబట్టే కదా, ఇక్కడ గోదావరి ఒడ్డున ఉన్న మేమూ ఆయన్ని చదువుకున్నాం! ఇప్పుడు మీకు, చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటలు టీచరు తన వృత్తి ఎదుగుదల కోసం నేర్చుకోవాలంటోంది. ఆన్‌లైన్ శిక్షణ వీడియో నడవనిచ్చి పక్కన కూర తరుక్కుంటూ కూడా గంటలు పూర్తి చెయ్యొచ్చు, నాకు తెలిసినవాళ్ళే చేస్తున్నారు. నువ్వు మాత్రం మీటింగుకి నీ పేజీ ఒకటి పట్టుకెళ్ళి చదువు.

పదిమందిలో చదివేటప్పుడు పిల్లల పేర్లు తీసెయ్. ఫోటోలు అసలొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టాక అది ఎక్కడెక్కడ తిరుగుతుందో మన చేతుల్లో ఉండదు. పేరు తీసేస్తే సరిపోతుందనీ అనుకోకు. మన ఊళ్ళల్లో "మూడో తరగతి, వాళ్ళమ్మ కువైట్" అంటే చాలు, ఎవరి మనవరాలో టక్కున చెప్పేస్తారు. లెక్క గురించి మాట్లాడేటప్పుడు ఇంటి సంగతి ఎత్తాల్సిన పనేముంది? మీ హెడ్మాస్టారి మీద కోపం వచ్చిన రోజున ఆ కోపం కూడా ఆ పుస్తకంలో రాసుకోవచ్చు, అది మాత్రం ఎవరికీ చదవకు.

రోజూ రాయాలని టెన్షన్ పెట్టుకోకు. రేవు దగ్గర పడవ కోసం కూర్చునే పది నిమిషాలు చాలు. చెప్పుకోదగ్గది జరగని రోజున ఖాళీగా వదిలెయ్.

ఈసారి మీటింగుకి ఆ 246 పేజీ తీసుకెళ్ళి, ఇంకెవరి పిల్లలకి అదే జవాబు వచ్చిందో అడుగు. వాళ్ళేం చేశారో రాసుకుని, దసరా సెలవులకి వచ్చినప్పుడు చెప్పు. నేను తీసివేతలు ఎప్పుడూ పదేసి పుల్లల కట్టలూ విడి పుల్లలతోనే చెప్పేవాణ్ణి. నోట్లతో ఎలా ఉంటుందో నాకూ తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
నాన్న